సవరల మృతసంభాషణ: దుఃఖోపశమనంలో ఒక నైతిక ప్రశ్న

శ్రీకాకుళం సీమకు చెందిన గిడుగు రామమూర్తి 1931లో సవర భాషకు వ్యాకరణం రచించారు. ఆ భాషలోని ‘సోనుం’ అనే పదాన్ని దయ్యమనో దేవత అనో అనువదిస్తే అందులోని బంధుత్వం జారిపోతుంది. ఒడిశా సవరల నడుమ పరిశోధించిన పియర్స్ విటెబ్‌స్కీ 1993 నాటి గ్రంథం దీనిని విశదం చేసింది. మరణించినవారు పూనకం పొందిన స్త్రీ నోట మాట్లాడతారు. బంధువులు ఏడుస్తారు, నిలదీస్తారు, ఆస్తి తగవులూ తెస్తారు. మృతుడు తనను బలిగొన్న వ్యాధినే తనవారికి అంటించగలడు. అందుకు పగే అక్కరలేదు, విడువలేని మమకారమూ చాలు. ఏళ్ల తరబడి సాగే సంభాషణలో అతడు క్రమంగా కాపాడే పితరుడవుతాడు, తన పేరును వంశంలో పుట్టిన బిడ్డకు ఇస్తాడు.

పోయినవారు ఇక లేరన్న వాస్తవానికి మనస్సు లోబడడమే శోకం పని అని ఫ్రాయిడ్ 1917లో ప్రతిపాదించాడు. అక్కడ భారమంతా బ్రతికినవారిదే. సవరల దృష్టిలో మృతుడూ మారవలసినవాడే.

సీతంపేట కొండల్లో మలేరియాకు మందు కావలసిందే, ఇందులో వాదానికి తావు లేదు. అయితే తండ్రితో తెగని తగవుకు ఆ మందు పనిచేయదు. అసలు చిక్కు మరొకటి: తన పేరిట పలికిన మాటను మృతుడు కాదనగలడా? వినే బంధువులు ఆ మాటను ప్రశ్నించగలరు గనుకనే ఈ పద్ధతికి కొంత న్యాయం దక్కుతున్నది. క్రైస్తవం స్వీకరించిన యువతరం మృతులతో మాట్లాడడం మానివేసినట్లు విటెబ్‌స్కీ 2017లో రాశాడు. వృద్ధులకు మాత్రం, తమ మరణానంతరం తమను పలకరించే పిల్లలు లేకుండాపోతున్నారు.