అడగని ఫొటో

ఐరాల దగ్గర ఒక పల్లెలో, బెల్లం గానుగ పక్కన చెరకు పిప్పి ఎండబెడుతున్న ముసలావిడని ఫొటో తీశాను. మసి పట్టిన ముఖం, చెదిరిన జుట్టు, వెనక పొగ. 'శ్రమ సౌందర్యం' అని పేరు పెట్టి ఇన్‌స్టాలో పెడితే లైకులు బాగానే వచ్చాయి. నెల తర్వాత మళ్ళీ వెళ్తే ఆమె అడిగింది: "ఏం నాయనా, నన్నొక మాట అడగగూడదా? నా మనవరాలి అత్తగారోళ్ళు చూసినారంట. మీ అవ్వ ఇంకా కూలికి పోతాదా అన్నారంట."

చట్టం దృష్టిలో నేను తప్పు చేశానా? చేసినట్టు లేదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, అంతకు ముందు ఐపీసీ 354సీ, స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు తీసే ఫొటోల గురించి. ఐటీ చట్టంలోని 66ఇ మర్మభాగాల ఫొటోల గురించి. పట్టపగలు నలుగురిలో పని చేసుకుంటున్న మనిషి ఈ రెండిట్లోకీ రాదు. కానీ అదే 77వ సెక్షన్‌లో ఒక వివరణ ఉంది: ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. అంటే తీయడం వేరు, పంచడం వేరు అని చట్టానికీ తెలుసు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు కూడా, నలుగురిలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత పోదంది. అది చోటుకి కాదు, మనిషికి అంటుకుని ఉండేది.

ఐరాల మండలంలోనే కాణిపాకం. తగాదా తేలకపోతే వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. అక్కడ ఎవరి మాట వాళ్ళే, తమ నోటితోనే చెప్పాలి. నేను చేసింది దానికి తలకిందులు. ఆమె గురించి, ఆమె నోరు లేకుండా, నేనే సాక్ష్యం చెప్పేశాను.

అలాగని ప్రతి ఫొటోకీ అనుమతి అడగాలా? లాఠీ ఎత్తిన పోలీసుని అడిగి తీస్తామా? తీయం, తీయకూడదు కూడా. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ని పోలీసులు ఆపి మాస్క్ తియ్యమన్నారు. ఆయన తియ్యనన్నా ఫొటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టే టెక్నాలజీ వాడకం మీద ఆయన తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు. పోలీసుని మనం తీయడం, మనల్ని పోలీసు తీయడం ఒకటి కాదు. ఎవరి చేతిలో బలం ఉందో చూడాలి. అధికారం ఉన్నవాడు ఫొటోకి జవాబు చెప్పుకోగలడు. గానుగ దగ్గరి అవ్వకి ఇన్‌స్టా లేదు.

ఆ రోజు గానుగ దగ్గర నేను మసూద్ వైపు లేను, కెమెరా వైపు ఉన్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు టైమ్ పట్టింది.

ఫొటో తీసేశాను. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో తెలీదు. తీసేశానని చెప్తే అవ్వ, "అడిగుంటే ముఖం కడుక్కోనొచ్చేదాన్ని కదా" అంది. ఆమెకి ఫొటో వద్దని కాదు. ఎలా కనబడాలో తానే చెప్పుకోవాలని.