పాట ఎవరి చేతిలో ఉంది?

ఉన్న సీడీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకోవాలా, లేక నెలకింత కట్టి స్ట్రీమింగ్‌లో వింటే సరిపోతుందా? పైకిది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న. నాకు మాత్రం ఆస్తి ప్రశ్నలా వినిపిస్తోంది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా భర్త పోయిన స్త్రీకి అతని ఆస్తి మీద ఉంటే గింటే బతికినంతకాలం అనుభవించే హక్కే ఉండేది. ఇష్టప్రకారం అమ్ముకునే, రాసిచ్చే హక్కు కాదు. స్ట్రీమింగ్ పాట మీద మనకున్నది అంత కూడా కాదు. చందా ఆగితే పాట ఆగుతుంది. చందా కడుతూనే ఉన్నా ఆగొచ్చు.

గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, వింక్ 2024లో. 2025 మే నెలలో పాకిస్తాన్‌కి చెందిన పాటలు, సినిమాలు, సిరీస్‌లు ఆపేయమని కేంద్ర ప్రభుత్వం స్ట్రీమింగ్ సంస్థలకి చెప్పింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. 1986లో లాహోర్‌లో, జియా ఉల్ హక్ ఏలుబడిలో, ఇక్బాల్ బానో నిండు సభలో ఫైజ్ కవితను పాడింది. చేతులు మారిన కాపీల వల్లే ఆ గొంతు మనదాకా వచ్చింది. ఆనాడు ఎవరూ సొంతంగా దాచుకోకపోయి ఉంటే?

కాపీ చేసుకోవడం దొంగతనం కదా అని అడిగే స్నేహితురాళ్ళున్నారు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం సొంత వాడకానికీ పరిశోధనకీ న్యాయమైన మేరకు చేసుకునే కాపీని ఉల్లంఘన అనదు, శబ్ద రికార్డింగులతో సహా. గాయనికి డబ్బు దక్కాలి కదా అంటారా, 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా వినబడని పాటకి రికార్డింగు రాయల్టీ లేదు. సీడీల కాలంలో మాత్రం న్యాయం జరిగిందని నేననను.

అసలు చిక్కు కొన్న సీడీలతో కాదు. నా దగ్గరున్న వాటిలో పాతిక దాకా బర్న్ చేసినవి. స్త్రీల సంఘాల్లో పనిచేసిన మిత్రులు ఊళ్ళలో రికార్డు చేసిన కేసెట్ల నుంచి ఎక్కించినవి: నాట్లప్పటి పాటలు, అప్పగింతల పాటలు, బతుకమ్మ పాటలు, మధ్యలో దగ్గులు, పిల్లల ఏడుపులు. వీటికి స్ట్రీమింగ్ అనే రెండో దారే లేదు. బర్న్ చేసిన సీడీలో సమాచారం నిలిచేది ఒక పల్చటి రంగు పొర మీద. ఎండకీ వేడికీ అది చెడుతుంది. నాణ్యత తగ్గకుండా ఫ్లాక్ ఫైళ్ళుగా మార్చుకుంటే అన్నీ కలిపి హార్డ్‌డిస్కులో ఒక మూలకి సరిపోతాయి. చోటు కాదు, కావలసింది కూర్చుని చేసే ఓపిక. బజారు సీడీ పెడితే పాటల పేర్లు ఇంటర్నెట్ నుంచి వాటంతటవే వచ్చి చేరతాయి. ఇవి పెడితే ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’. గాయని పేరు రాయాల్సిన గడి ఖాళీ. కేసెట్ అట్టల మీదేమో ‘పెద్దింటి కోడలు’, ‘వడ్రంగాయన భార్య’ అని ఉంది. ఎవరో ఒకరి భార్యగా, కోడలిగా పాడిన మనిషిని మళ్ళీ అలాగే ఎక్కించనా?

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళ ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల మాటలు టేపుల నుంచి అచ్చులోకి వచ్చాయి. అచ్చులో దగ్గు వినబడదు. ఫైలులో వినబడుతుంది, పైగా ఒక్క నొక్కుతో ఎక్కడికైనా వెళ్తుంది. ఊరి వాకిట్లో టేపురికార్డరు ముందు పాడటానికి ఒప్పుకున్న స్త్రీ ప్రపంచమంతా వినడానికి కూడా ఒప్పుకున్నట్టేనా? నేననుకోను. దాచడం నా బాధ్యత, పంచడం నా హక్కు కాదు.

అందుకే కొన్న సీడీల పని తర్వాతకి పెట్టి ముందు ఇవి మొదలుపెట్టాను. రెండు డిస్కులు, రెండు ఇళ్ళల్లో. ఆ ఊళ్ళకి వెళ్ళి పేర్లు కనుక్కోవాలి, అనుమతి అడగాలి. పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ కూతుళ్ళుంటారు. తల్లి గొంతుకి కూతురు అనుమతి ఇవ్వగలదా అన్నది నాకింకా తేలలేదు.