పంకా చప్పుడు

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక జమీందారు ఉండేవాడు. హరికథలంటే ఆయనకి ప్రాణం. ఎండాకాలం సాయంత్రాలు దివాణంలోని పెద్ద హాల్లో కథ చెప్పించేవాడు. దీపాలు పెట్టేవేళకి ఊరు ఊరంతా వచ్చి కూర్చునేది.

ఆ ఏడు వచ్చిన హరిదాసు వయసు మళ్ళినవాడు. గొంతు పెద్దది కాదు. కానీ అశోకవనంలో సీతమ్మ ఒంటరిగా కూర్చున్న ఘట్టానికి వచ్చేసరికి చిడతలు ఆపి, గొంతు తగ్గించి, ఎదుటి మనిషితో గుట్టుగా చెబుతున్నట్టు చెప్పేవాడు. ఆ ఘట్టం కోసమే ఆయన్ని అంత దూరం నుంచి పిలిపించారు. తీరా ఆ మాటలు మొదటి వరస దాటి ఎవరికీ వినబడలేదు. కప్పుకు నాలుగు చిన్న పంకాలు వేలాడుతున్నాయి. గోడవతల నలుగురు కుర్రాళ్ళు ఆపకుండా తాళ్ళు లాగుతున్నారు. కప్పీలు కిర్రుమంటున్నాయి, గుడ్డ అంచులు టపటపా కొట్టుకుంటున్నాయి. సీతమ్మ ఏమందో వెనక వరసలవాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు.

జమీందారు దివాన్జీని పిలిచాడు. దివాన్జీ ఆలోచించి, చప్పుడును మూసేస్తే పోతుందన్నాడు. కిటికీలకు దళసరి తెరలు దిగాయి. తాళ్ళు లాగేవాళ్ళను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, తలుపు బిగించి, గోడకు చిల్లు పెట్టి అందులోంచి తాళ్ళు రప్పించారు. మర్నాడు కథ మొదలైనప్పుడు హాల్లో చప్పుడు నిజంగానే తగ్గింది. దివాన్జీ మీసం దువ్వుకున్నాడు.

అర్ధగంట గడిచేసరికి వ్యవహారం మారింది. అంతమంది ఊపిరి, అన్ని దీపాల సెగ ఎటూ పోయే దారిలేక హాల్లోనే నిలిచిపోయాయి. జమీందారు చెయ్యి ఊపాడు, ఇంకాస్త గట్టిగా లాగమని. గదిలో ఉన్నవాళ్ళు అప్పటికే చెమటతో తడిసి ముద్దయ్యారు. వాళ్ళు బలం కొద్దీ లాగుతుంటే తాడు గోడ చిల్లుకు రాసుకుని కొత్తగా ఇంకో మోత మొదలైంది. ఎంత లాగినా ఉన్న వేడిగాలే మళ్ళీ మళ్ళీ ముఖాన కొడుతోంది. ఇంకా వేగంగా లాగమన్నారు. హరిదాసు మధ్యలో కథ ఆపి, మంగళం పాడేశాడు.

ఆ ఊళ్ళో పడవలు కట్టే ముసలి వడ్రంగి ఒకడున్నాడు. అతణ్ణి పిలిపించారు. వచ్చీరాగానే పంకాలకేసి కూడా చూడలేదు.

“దొరగారూ, ఈ హాల్లోకి గాలి ఎటునుంచి వస్తుందండి, ఎటు పోతుందండి?” అని అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. అతను ఒక అగరువత్తి వెలిగించుకుని హాలంతా తిరిగాడు. పొగ ఎక్కడ కదులుతోంది, ఎక్కడ నిలిచిపోతోంది చూసుకున్నాడు. ఆ తరవాత ఏటివైపు కింది కిటికీలు తెరిపించాడు. ఎదుటి గోడకు పైన, ఎప్పుడో సున్నం కొట్టి మూసేసిన గవాక్షాలు తవ్వించాడు. నాలుగు చిన్న పంకాలూ దింపించి, తెరచాప కుట్టినట్టు ఒక్కటే పొడుగాటి పంకా కుట్టించాడు. కప్పీకి తోలు చుట్టాడు. పంకాను దూలానికి నేరుగా కట్టకుండా మధ్యలో కొబ్బరిపీచు చుట్ట పెట్టాడు.

దివాన్జీకి నచ్చలేదు. “ఏమయ్యా, కప్పు మీద బంగారు పూలు రాయించి పదేళ్ళు కాలేదు. నీ పంకా అడ్డం వస్తే సగం పూలు కనబడవు.”

“చిత్తం, కనబడవండి. పూలు చూడ్డానికి పొద్దున రమ్మనండి. రాత్రికి కథ కదండీ?”

జమీందారు ఒక్క నిమిషం కప్పుకేసి చూసి, కట్టమన్నాడు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని ఒక్క ముసలివాడు తాపీగా తాడు లాగాడు. కింది నుంచి ఏటిగాలి వచ్చింది, పై నుంచి వేడి పోయింది. హరిదాసు గొంతు తగ్గించి చెప్పిన మాట ఆఖరి వరసలో గోడకు చేరగిలబడ్డ ముసలమ్మ దాకా వెళ్ళింది.

ఇందులోని నీతి: చప్పుడును మూసిపెట్టినవాడికి వేడి మిగులుతుంది, వేడికి దారి చూపినవాడికి నిశ్శబ్దం దానంతటదే వస్తుంది.

సినిమాలు, పాటలు చూసుకోవడానికి టీవీ కింద ఒక కంప్యూటర్ పెట్టుకుందామని క్యాబినెట్ వెతుకుతున్నవాళ్ళకు ఈ కథ చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎక్కువమంది దివాన్జీ దారినే పోతున్నారు. ఫొటోలో సన్నగా, డీవీడీ ప్లేయర్‌లా ముచ్చటగా కనబడే పెట్టె కొంటారు. దాంట్లో పట్టేది 80 మిల్లీమీటర్ల ఫ్యానో, అంతకన్నా చిన్నదో. ఒకే ఆకారం ఉన్న ఫ్యాన్లలో, అదే వేగం దగ్గర, వ్యాసం పెరిగితే గాలి దాని ఘనం చొప్పున పెరుగుతుంది. అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 800 చుట్లు తిరిగి తోసే గాలిని తోయాలంటే 80 మిల్లీమీటర్లది 2700 చుట్లు తిరగాలి. చప్పుడు సంగతి ఇంకా తీవ్రం. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 తగ్గితేనే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. అందువల్ల పెట్టె కొనేముందు చూడాల్సిన మొదటి అంకె అందులో పట్టే ఫ్యాన్ వ్యాసం. మందం, రంగు, ముందు పలక మెరుపు ఆ తరవాత.

ఇంకో మాట. పెట్టె కన్నా ముందు వేడిని లెక్క కట్టుకోవాలి. సినిమా చూడ్డానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ 6 వాట్ల తరగతిది. 4కే సినిమాలను విప్పే పని దానిలోని గ్రాఫిక్స్ భాగమే చూసుకుంటుంది. కొంచెం ఆటలూ ఆడాలనుకుంటే 35 వాట్ల ప్రాసెసర్ సరిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టారంటే దానికి దాని ఫ్యాన్లు, దాని సెగ. హాల్లో జనాన్ని సగానికి తగ్గించుకోగలిగితే పంకా పని అక్కడికక్కడే తగ్గిపోతుంది. విడి కార్డు లేకపోతే, ఇంత తక్కువ వాడకానికి లాప్‌టాప్ తరహా బయటి అడాప్టర్ చాలు. అప్పుడు పవర్ సప్లైలోని ఫ్యాన్ కూడా లేకుండా పోతుంది.

ఫ్యాన్ అసలే లేని పెట్టెలున్నాయి. స్ట్రీకామ్, హెచ్‌డీప్లెక్స్ లాంటి కంపెనీలు పక్క గోడలనే అల్యూమినియం రెక్కలుగా మలిచి, ప్రాసెసర్ నుంచి రాగి గొట్టాలతో వేడిని అక్కడికి చేరవేస్తాయి. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఆ రెక్కలు వేడిని వదిలేది గదిలోని గాలికే. గది 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ప్రాసెసర్ 60 దగ్గర నిలిచిందనుకోండి, మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో గది 38కి చేరితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతమేరకే పైకి పోతుంది. అందుకని మన ఎండలకు, 6 వాట్ల చిప్ అయితే తప్ప, తాపీగా తిరిగే ఒక పెద్ద ఫ్యాన్ ఉన్న పెట్టే మేలని నా అభిప్రాయం. ఫ్యాన్ లేనిదే కావాలంటే దాన్ని నాలుగువైపులా గాలాడేచోట పెట్టండి, పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టకండి.

గోడల కన్నా ముందు గాలి దారి చూసుకోవాలనడానికి ఒక ఉదాహరణ: 2005లో ఆంటెక్ కంపెనీ పీ180 అనే క్యాబినెట్ తెచ్చింది. నిశ్శబ్దపు కంప్యూటర్ల గురించి ఏళ్ళతరబడి కొలిచి రాసిన మైక్ చిన్ దాని రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. పవర్ సప్లైని కింద వేరే అరలో పెట్టి, దాని గాలి దానికి, ప్రాసెసర్ గాలి ప్రాసెసర్‌కి విడదీశారు. గోడలు మూడు పొరలు, లోహానికీ లోహానికీ నడుమ ప్లాస్టిక్. దళసరి గోడలు మోతను కొంత ఆపుతాయి, నిజమే. అవి పనికొచ్చింది గాలికి విడిగా దారులు ఏర్పడ్డాక. ఇప్పుడు కొందరు మామూలు పెట్టె కొని లోపలంతా స్పాంజి అతికిస్తున్నారు. స్పాంజి సన్నటి కీచును కాస్త తగ్గిస్తుంది, లోతైన బుయ్‌మనే మోతకు అది దాదాపు అడ్డే కాదు. పైగా చోటు తినేస్తుంది, గాలి దారికి అడ్డం పడుతుంది. ఫ్యాన్ ఇంకాస్త వేగంగా తిరుగుతుంది.

కథలో వడ్రంగి కొబ్బరిపీచు పెట్టిన చోటు, కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్‌ది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 సార్లు వణుకుతుంది, 5400ది 90 సార్లు. ఆ వణుకు స్క్రూల గుండా పెట్టెకు, పెట్టె గుండా టీవీ యూనిట్ చెక్కకు పాకుతుంది. చివరికి చెక్క అంతా ఒక్క స్వరం పట్టుకుని మూలుగుతుంది. రబ్బరు బుడిపెల మీద డిస్క్ కూర్చునే ఏర్పాటు పెట్టెలో ఉందేమో చూడండి. అంతకన్నా మంచిది, టీవీ దగ్గర ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి, సినిమాలు దాచే పెద్ద డిస్కులను ఇంకో గదిలో నెట్‌వర్క్ స్టోరేజీలో పెట్టుకోవడం.

పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఈ చిన్న చప్పుడు ఎవరికి వినబడుతుందని అడుగుతారు. సీలింగ్ ఫ్యాన్‌ది ఒకే తీరుగా సాగే గాలి హోరు. చెవి దాన్ని కాసేపటికి మరిచిపోతుంది. చిన్న ఫ్యాన్ కీచు, డిస్క్ మూలుగు ఒకే స్వరం మీద ఉంటాయి కాబట్టి ఆ హోరులోంచి కూడా పైకి తేలతాయి. శీతాకాలం రాత్రి, ఫ్యాన్ ఆపేసి పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా చూసేవాళ్ళకు ఈ తేడా తెలుసు. సావిత్రి ఏమీ మాట్లాడకుండా కళ్ళతోనే చెప్పే చోట ఇంకే చప్పుడూ ఉండకూడదు. ఇంత శ్రమా ఆ కొద్ది క్షణాల కోసమే, అవి అంత విలువైనవి.

ఇక కొలతలు. టేపు తీసుకుని ముందు టీవీ యూనిట్ అర కొలవండి. ఫ్రాక్టల్ డిజైన్ నోడ్ 304 వెడల్పు 250, ఎత్తు 210, లోతు 374 మిల్లీమీటర్లు. ముందు రెండు 92 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, వెనక ఒక 140ది. దీంట్లో పట్టేది 170 మిల్లీమీటర్ల చదరం ఉన్న మినీ ఐటీఎక్స్ లాంటి చిన్న మదర్‌బోర్డు. ఆంప్లిఫయర్ పక్కన దానిలాగే కనబడాలంటే సిల్వర్‌స్టోన్ గ్రాండియా జీడీ09 ఉంది, వెడల్పు 440, ఎత్తు 170. పెద్ద మదర్‌బోర్డే పడుతుంది, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బిగించుకోవచ్చు. ఏది కొన్నా వెనక కేబుళ్ళకూ వేడిగాలికీ కనీసం నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. అర వెనక చెక్క పూర్తిగా మూసి ఉంటే కార్పెంటర్‌ని పిలిచి చెయ్యి పట్టేంత రంధ్రం కోయించండి. ముందు అద్దం తలుపుంటే సినిమా నడిచినంతసేపూ తెరిచి ఉంచండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి షాపులోనో నిలబడి వింటే ఏ పెట్టె చప్పుడూ తెలియదు, బజారు రొద అలాంటిది. చెవిని కాక కంటిని నమ్మండి. పక్క మూత తీయించి, గాలి వచ్చే చోటు నుంచి పోయే చోటు దాకా వేలితో గీత గీయండి. మధ్యలో డిస్క్ అర గానీ కేబుళ్ళ కట్ట గానీ అడ్డం వస్తే వేరేది చూపించమనండి. ఫ్యాన్ ముందు జల్లెడ దాని రెక్కలకు మరీ ఆనుకుని ఉంటే గాలి ఈల వేస్తుంది. దుమ్ము జల్లెడ మూత విప్పకుండానే బయటికి రావాలి, లేకపోతే మీరు దాన్ని కడగరు. ఇంటికి తెచ్చి బిగించాక బయాస్‌లో ఫ్యాన్ వేగాన్ని వీలైనంత కిందికి దించి ఒక పూర్తి సినిమా నడపండి. ప్రాసెసర్ 70 డిగ్రీల లోపే ఉంటే ఆ వేగం అలాగే వదిలేయండి. దాటితే వందేసి చుట్లు పెంచుకుంటూ పోండి. ఈ పని జనవరిలో చేసి ఊరుకోకుండా మే నెలలో మరోసారి చేయండి.