రాజు వెళ్లినా తల్లి ఉంది

క్యోటో రాజప్రాసాదం తోటలో అడుగుపెట్టిన తెలుగువాడి కళ్లు ముందు పూల కోసం వెతుకుతాయి. సింహాసన మందిరం ముందు తెల్లటి కంకర పరిచిన ఖాళీ ప్రాంగణం, తూర్పున ఒక చెర్రీ చెట్టు, పడమట నారింజ జాతి చెట్టు ఒకటి. అంతే. ఇంకాస్త ముందుకు పోతే ఓయికెనివా అనే కొలను తోట వస్తుంది. గులకరాళ్ల ఒడ్డు, చిన్న దీవులు, వాటిని కలిపే వంతెనలు. వంతెనల మీదికి మనల్ని పోనివ్వరు, ఇవతలి ఒడ్డు నుంచే చూడాలి. అయినా లోటనిపించదు. నాలుగడుగులు వేస్తే ఒక దీవి బయటపడుతుంది, మరో నాలుగడుగులకు చెట్టుకొమ్మ చాటుకు పోతుంది. గుడిలో మన ప్రదక్షిణా ఇంతే కదా. చుట్టూ తిరుగుతున్నంతసేపూ మూర్తి కంటికి ఆనదు, మనసుకే ఆనుతుంది.

1855లో తిరిగి కట్టిన ఈ ప్రాసాదాన్ని 2016 నుంచి ముందస్తు అనుమతి, టికెట్టు రెండూ లేకుండా చూడనిస్తున్నారు. దాని గోడ దాటి బయటి ఉద్యానంలో పడమటి వైపు నడిస్తే షిరకుమో అనే చిన్న గుడి ఉంది. అక్కడి దేవత బెంజాయితెన్. ఆమె మన సరస్వతే!

సువర్ణప్రభాస సూత్రమనే బౌద్ధ గ్రంథంలో, ఆ ధర్మాన్ని బోధించేవారికి వాక్కునూ జ్ఞాపకశక్తినీ ఇస్తానని సరస్వతి మాట ఇస్తుంది. ఆ గ్రంథంతోపాటే ఆమె చైనా మీదుగా జపాన్ చేరింది. 741లో షోము చక్రవర్తి రాష్ట్రానికో ఆలయం కట్టించి ఆ సూత్రాన్ని చదివించమన్నాడు. తొలినాటి మూర్తులకు ఎనిమిది చేతులు, వాటి నిండా ఆయుధాలు. తర్వాత రెండు చేతులే మిగిలి, ఒళ్లోకి బివా అనే తంత్రీవాద్యం వచ్చింది. పుట్టుకతో నది కాబట్టి నీటిని మాత్రం వదల్లేదు. జపాన్‌లో ఆమె గుళ్లు ఎక్కువగా కొలనుల నడుమ, దీవుల మీదే ఉంటాయి.

షిరకుమో తల్లి సైయోంజి వంశపు ఇలవేల్పు. చక్రవర్తి కొలువులో తరతరాలుగా బివా విద్యను నిలిపిన వంశమది. 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోయాడు. కొలువు పెద్దలూ వెంట వెళ్లారు. వారి ఇళ్లున్న జాగాలే ఇప్పటి ఉద్యానం. సైయోంజి వారి ఇల్లూ లేదు. చుట్టుపక్కల జనం మాత్రం తల్లిని పోనివ్వలేదు, గుడిని తామే కాపాడుకున్నారు. అధికారం పోయిన చోట విద్యను నిలబెట్టుకున్న ఆ ఇరుగుపొరుగు వారికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

మన దగ్గర్నుంచి జపాన్ చేరింది సరస్వతి ఒక్కతే కాదు. అక్కడి పిల్లలు అక్షరాలు నేర్చే వరుస కూడా అ, ఇ, ఉ అని మొదలై క, స, త, న అంటూ సాగుతుంది. సంస్కృత వర్ణమాల చదివిన బౌద్ధ భిక్షువుల నుంచి వచ్చిన క్రమమది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లలో ఓనమాలంటే గోదారి ఒడ్డున ఉన్న బాసర సరస్వతి గుడే. వ్యాసుడు రోజూ గోదారిలో మునిగి పిడికిళ్లతో ఇసుక తెచ్చి అమ్మవారిని నిలిపాడని స్థలపురాణం. అంటే ఆ తల్లి నది నుంచే గుడిలోకి వచ్చింది. మనమేమో లైనులో నిలబడి, బియ్యంలో బిడ్డ చేత మూడక్షరాలు దిద్దించి, పసుపు ప్రసాదం కళ్లకద్దుకుని బస్సు కోసం ఉరుకుతాం. నాకు బాధనిపించేది అక్కడే. అక్షరాభ్యాసం అయినంక ఒక గంట ఆగండి. బిడ్డ వేలు పట్టుకుని గోదారి ఒడ్డున నడవండి. వ్యాసుడి కథ అక్కడే చెప్పండి, ఆ ఇసుకలోనూ ఓ అక్షరం రాయనివ్వండి.