వృత్తి సంఘమునకు ధర్మమేమి?

ఒక వృత్తివారు సంఘముగా కూడుట ఎందులకు? తమ జీవనోపాధిని కాపాడుకొనుటకా, తమ్ము నమ్మి వచ్చినవారిని కాపాడుటకా? సాలెవానికిని, కంసాలికిని ఈ ప్రశ్న పాతదే. ఛాయాచిత్రకారుల వృత్తి మాత్రము పుట్టి రెండువందల యేండ్లు నిండకమునుపే పలుమారులు రూపు మారినందున, వారికి ఇది మాటిమాటికి ఎదురగుచున్నది.

అమెరికా దేశపు ఫోటోగ్రాఫర్ల చరిత్ర ఇందుకు మంచి తార్కాణము. 1854లో కటింగ్ అను నతడు గాజుపలకకు పూయు కొలోడియన్ ద్రవములో బ్రోమైడు కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ హక్కుదారులు స్టూడియోలవారిని రుసుము చెల్లింపుమని పీడించిరి. ఒంటరిగా వ్యాజ్యమాడు స్తోమతు చిన్న స్టూడియోవానికి ఎక్కడిది? పలువురు చేరి ఎదిరింపగా 1868లో ఆ పేటెంటు పొడిగింపు నిరాకరింపబడెను. ఆ యేటనే వారికొక జాతీయ సంఘము ఏర్పడెను. నేటి ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్స్ ఆఫ్ అమెరికాకు మూలమైన సంఘము 1880లో వెలసినది. ఆ సంఘము మొదలగువారి కృషివలననే 2020లో ఒక చట్టము వచ్చి, 30,000 డాలర్లకు మించని కాపీరైటు తగవులను పెద్ద కోర్టుకు పోకయే తీర్చుకొను మండలి 2022లో పని ప్రారంభించెను. ఒక్కనికి చేతకాని పనిని పదిమంది కూడి చేయుట ఇది. స్వార్థమే యనుకొన్నను, ఇందు తప్పులేదు.

చిక్కు మరొకచోట నున్నది. 1888లో కొడాక్ చేతికెమేరా వచ్చినది. మీట నొక్కగల ప్రతివాడును ఫోటో తీయజొచ్చెను. 1975లో ఆ కంపెనీ ఇంజనీరే డిజిటల్ కెమేరాను నిర్మించెను. ఆ కంపెనీయే 2012లో దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. మన ఉదకమండలములో 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' పేరుతో ఫిల్ములు అమ్మిన హిందూస్థాన్ ఫోటో ఫిల్ముల కర్మాగారమును మూతపడినది. ఇట్టి ప్రతి మలుపులోను, కొత్తవారిని రానీయరాదనియు ధర తగ్గింపనీయరాదనియు కేకలు వినవచ్చును. చీకటిగదిలో ఏండ్ల తరబడి నేర్చిన విద్య పదేండ్లలో కొరగానిదైనచో ఎవరికి కడుపు మండదు? మా కార్యాలయములో టైపు మిషనులు పోయి కంప్యూటర్లు వచ్చిన దినములను చూచినవాడను గనుక ఆ బాధ నాకు తెలియును. అయినను సెల్‌ఫోనుతో పెండ్లి ఫోటోలు తీయు కుర్రవాడు దొంగ కాడు. వానిని వెలివేసిన సంఘములో ముసలివారమే మిగులుదుము.

మరి సంఘము కాపాడవలసినదేమి? 1869లో న్యూయార్కులో మమ్లర్ అను ఫోటోగ్రాఫరు, చనిపోయినవారి ఆత్మలను ఫోటోలో చూపెదనని ధనము గుంజుచున్నాడను నేరముపై విచారింపబడెను. అట్టి చిత్రములను ఏయే ఉపాయములచే కల్పింపవచ్చునో తోడి ఫోటోగ్రాఫర్లే సాక్ష్యము చెప్పిరి. సాక్ష్యము చాలక అతడు విడుదలయ్యెను. కాని తమ వృత్తిలోని మోసమును తామే బయటపెట్టవలెనను పౌరుషము వారికుండెను. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అను జర్మను కళాకారుడు, కృత్రిమ మేధచే చేసిన చిత్రమునకు సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పోటీలో బహుమతి రాగా, ఇది ఫోటో కాదని తానే చెప్పి దానిని నిరాకరించెను. ఏది ఫోటో, ఏది కల్పన అని జనులకు చెప్పవలసిన భారము ఎవరిది?

ఇది మనకు దూరపు మాట కాదు. తరతరములుగా తమిళనాట స్థిరపడిన మన యిండ్లలో, నెల్లూరు చిత్తూరు బంధువులకు సంబంధము కొరకు పంపిన పిల్ల ఫోటోయు, షష్టిపూర్తినాటి గ్రూపు ఫోటోయు, పోయిన పెద్దల పటములును మనకు వంశచరిత్ర. పూర్వము రీటచింగు పనివాడు సన్నని పెన్సిలుతో నెగటివుపై మొటిమ మచ్చను కప్పెడివాడు. అది మర్యాద. పిల్ల రంగును, ముక్కుతీరును మార్చి పంపుట మోసము. నడుమ హద్దు ఏది? ఒక స్టూడియో హద్దు పెట్టుకొన్నచో గిరాకి పక్క స్టూడియోకు పోవును. కావున సంఘమే పెట్టవలెను. గతించిన తాతగారిని మనుమని పెండ్లి ఫోటోలో నిలబెట్టుట నేడు నిముషములో పని. కోరిన కుటుంబమునకు అదొక తృప్తి, నేను కాదనను. కాని పటము వెనుక 'కూర్పు' అను ఒక్క మాటయైనను లేనిచో, రేపటి పిల్లలు తాతగారు ఆ పెండ్లికి వచ్చిరనియే నమ్ముదురు.

ఇంకొక సంగతి నన్ను అంతకంటె ఎక్కువగా బాధించుచున్నది. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, డబ్బిచ్చి తీయించుకొన్నవారిదే ఫోటోపై మొదటి హక్కు. అయినను నెగటివులు స్టూడియోలోనే ఉండిపోవుట వాడుక. స్టూడియోలు మూతపడినపుడు ఆ పెట్టెలు ఏమైనవి? కొన్ని వెండి తీయువారికి పోయినవి, కొన్ని చెత్తకుప్పల పాలైనవి. పరులు మననమ్మి ఉంచిన సొమ్మును మన పెద్దలు నిక్షేపమనిరి. పోయినవారి ముఖములకంటె గొప్ప నిక్షేపమేది? దుకాణము మూయదలచిన సభ్యుడు ఆరునెలలు ముందుగా ప్రకటింపవలెననియు, ఎవరును తీసుకొనిపోని నెగటివులను సంఘమే భద్రపరుపవలెననియు ప్రతి ఊరి ఫోటోగ్రాఫర్ల సంఘమును ఒక నియమము చేయవచ్చును. డిజిటల్ ఫైళ్ళకును ఇదియే వర్తించును. పెట్టె బరువు లేనంత మాత్రమున బాధ్యత తగ్గదు గదా!

ఖర్చు ఎవరిదందురా? సగము మనదే. మన తెలుగు సంఘముల గదులలో ఖాళీ బీరువాలకు కొదవలేదు. ముందుగా మనము పోయి పలుకరింపవలసినది, పాత వీధులలో తలుపు సగము దించుకొని కూర్చున్న ఆ స్టూడియో వృద్ధులను.