పిల్లవాడి చేతికి భూతద్దం ఇవ్వడం దానమేనా?

మసీదుకు మరో మీనార్ కట్టించాలని చందా అడిగితే మనలో ఎవరూ ఎందుకని ప్రశ్నించరు. మద్రసా పిల్లల భోజనానికి అడిగినా అంతే. కాని ప్రభుత్వ బడి పిల్లల చేత సైన్సు ప్రయోగాలు చేయించే సంస్థకు సాయం చేయండి అంటే మాత్రం ముఖాలు చూసుకుంటాం. అది ధర్మకార్యం కిందికి వస్తుందా? అందులో మన పిల్లలు ఎంతమంది? అల్లాహ్ దగ్గర దీనికి ప్రతిఫలం ఉంటుందా? ఇవి తీసిపారేయదగిన ప్రశ్నలు కావు. హలాల్ సంపాదనలోంచి తీసి ఇచ్చే ప్రతి పైసాకు లెక్క చెప్పాల్సిన రోజు ఒకటి ఉందని నమ్మేవాడు ఇలాగే అడుగుతాడు.

ఇలాంటి సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర గుడివంక వద్ద 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ పనిచేస్తోంది. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో దీన్ని ప్రారంభించారు. ప్రయోగశాలను వ్యానులో ఎక్కించి ప్రభుత్వ బడుల ముంగిటికే తీసుకెళ్ళడం, చౌకగా దొరికే వస్తువులతో చేసిన నమూనాలను పిల్లల చేతికే ఇవ్వడం, నేర్చుకున్న పిల్లల చేత తోటి పిల్లలకు చెప్పించడం - ఇదీ వారి పద్ధతి. నడిచేది ఎక్కువగా దాతల సొమ్ముతోనే.

చేత్తో చేసి నేర్చుకోవడానికి, పుస్తకంలో చదివి నేర్చుకోవడానికి అంత తేడా ఉందా అంటే, ప్యాపిలి పిల్లవాడినే తీసుకోండి. సున్నపురాయి ఆమ్లంతో చర్య జరుపుతుందని పాఠంలో ఉంటుంది. పరీక్షలో రాస్తాడు, మార్కులు వస్తాయి. కాని తాను రోజూ నడిచే బేతంచెర్ల నాపరాయి ఆ సున్నపురాయేనని అతనికి ఎవరూ చెప్పరు. రాయిని కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నని బుడగలు లేస్తాయి. బొగ్గుపులుసు వాయువు అది. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న అదే వాయువును కలుపుకొని వాన నీరు పులిసి, యుగాల తరబడి రాతిని కరిగించుకుంటూ పోతే మన నంద్యాల జిల్లాలోనే మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు ఏర్పడ్డాయి. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో ఇంకో వింత ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అక్కడ ఇంకా పొరగా ఉంది. ఆ బూడిదను పిడికిట్లోకి తీసుకున్న పిల్లవాడికి భూమి ఎంత పాతదో వేరే ఉపన్యాసం అక్కర లేదు.

దీనికి ధర్మంతో ఏం సంబంధం అంటారా? దివ్య ఖుర్ఆన్ రెండవ అధ్యాయం 260వ వాక్యాన్ని ఒకసారి తీసి చదవండి. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపించమని హజ్రత్ ఇబ్రాహీం (అ) తన ప్రభువును అడిగారు. నీకు విశ్వాసం లేదా అని ప్రశ్న వచ్చింది. ఉంది, మనసు కుదుటపడడానికే అడుగుతున్నానని ఆయన విన్నవించుకున్నారు. అల్లాహ్ కోపగించలేదు. నాలుగు పక్షులను తీసుకొమ్మని, ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్పాడు. అడిగింది ఎవరు? సాక్షాత్తూ దైవమిత్రుడు. ఎలా అని అడిగితే పిల్లల విశ్వాసం సడలిపోతుందని భయపడేవారు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

మదీనాలో ఖర్జూర చెట్ల సంగతీ అలాంటిదే. మగ పూల పుప్పొడిని ఆడ పూలకు అంటించే అలవాటు గురించి దైవప్రవక్త (స) తన అభిప్రాయం చెప్పారు. రైతులు ఆ పని మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. అప్పుడాయన, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసన్నారు. చెట్టు ఎలా కాస్తుందో చెట్టును చూసి తెలుసుకోవాలన్నమాట. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ క్రితం చీకటి గది, చిన్న రంధ్రాలతో వెలుగు నడకను పరీక్షించింది ఈ దారిలోనే. తలుపులు మూసి, కిటికీకి అట్ట అడ్డం పెట్టి చిన్న బెజ్జం చేస్తే బయటి చెట్టు ఎదుటి గోడ మీద తలక్రిందులుగా పడడం మన పిల్లలూ చూడవచ్చు. ప్రతి కొత్త ఆవిష్కరణా ముందే మన గ్రంథంలో ఉందని సభల్లో గర్వంగా చెప్పుకునే మనం, పక్కనున్న బడికి ఒక అయస్కాంతం కూడా కొనిపెట్టకపోవడం ఏమిటో!

ఇక మన పిల్లలు, పరాయి పిల్లలు అన్న మాట. ఇందులో మాకు ఎలాంటి సందిగ్ధం లేదు. బద్ర్ యుద్ధ ఖైదీల్లో సొమ్ము చెల్లించలేని వారు అన్సార్ల పిల్లలకు రాత నేర్పి విడుదల పొందారని ఉల్లేఖనం ఉంది. నేర్పినవారు విశ్వాసులు కాదు, నిన్నటిదాకా కత్తి పట్టిన శత్రువులు. అయినా ఆ విద్యను వద్దనలేదు. ఇచ్చే విషయంలోనూ అంతే. ముస్లిమేతర బంధువులకు దానం చేయడానికి కొందరు సహచరులు సంకోచించిన సందర్భంలో రెండవ అధ్యాయం 272వ వాక్యం అవతరించిందని వ్యాఖ్యాతలు చెబుతారు. సన్మార్గం చూపడం అల్లాహ్ పని, మీరు పెట్టే ఖర్చు వృథా పోదని అందులోని భావం. రామేశ్వరంలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే బ్రాహ్మణ ఉపాధ్యాయుడు పక్షి ఎలా ఎగురుతుందో చెప్పి ఊరుకోకుండా క్లాసు మొత్తాన్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి చూపించాడు. ఆ క్లాసులో అబ్దుల్ కలాం ఉన్నారు. మన పిల్లవాడికి వారు చూపించగా లేనిది, వారి పిల్లలకు మనం చూపిస్తే తప్పేమిటి? కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఈ లెక్కలు వేసుకొని ఉంటే అన్ని వర్గాల పిల్లలూ అక్కడ చదివేవారా?

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. జకాత్ సొమ్ము వేరు. దాని ఖర్చుకు ఎనిమిది పద్దులను ఖుర్ఆన్ (9:60) నిర్ణయించింది. వ్యాను కొనడానికో, పరికరాలకో, సంస్థ నిర్వహణకో జకాత్ చెల్లదన్నది అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. ఇక్కడ ఇవ్వాల్సింది ఐచ్ఛిక దానం, సదఖా. మనిషి చనిపోయాక కూడా ఆగని మూడు కర్మల్లో కొనసాగే దానం, ప్రయోజనం కలిగించే విద్య ఉన్నాయని దైవప్రవక్త (స) తెలిపారు. కేవలం అల్లాహ్ కోసం ఇచ్చామన్న సంకల్పం ఉంటే ఇది ఆ రెండింటి కిందికీ వస్తుందని మా ఆశ. అలాగని ఇంటి పక్కన పొయ్యి వెలగని కుటుంబం ఉండగా ఆ డబ్బు తీసి భూతద్దాలు కొనమని కాదు. ఆకలిదే మొదటి హక్కు.

ఇచ్చేవారికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ సొమ్ము పోయేది డీజిలుకు, పగిలిన గాజు గొట్టాలకు, నేర్పే కుర్రవాడి జీతానికి. వీటి మీద దాత పేరు చెక్కరు. పేరు కోసం ఇచ్చేవారికి ఈ పద్దు నచ్చదు. పైగా ఏడాదికి ఒక్కరోజు బండి వచ్చి తమాషా చూపి వెళ్ళిపోతే పిల్లలకు మిగిలేది తక్కువే. అందుకే సాయం చేసే ముందు మళ్ళీ ఎప్పుడు వస్తారు, పరికరం పిల్లవాడు ముట్టుకుంటాడా లేక దూరం నుంచి చూస్తాడా, ఆడపిల్లలకూ అంతే అవకాశం ఉంటుందా, లెక్కలు చూపిస్తారా అని అడగాలి. అది అమానత్ గనుక అడిగే హక్కు మనకుంది. చెప్పే బాధ్యత వారికుంది. ఏ సంస్థ బండీ ప్యాపిలి దాకా రాకపోతే, రమ్మని మనమే ఉత్తరం రాయవచ్చు. అదీ కుదరకపోతే, మన మండలంలోని ఒక ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుణ్ణి కలిసి, ప్రయోగశాల బీరువాకు తాళం ఎందుకు పడి ఉందో, అందులో ఏమేం తక్కువయ్యాయో కనుక్కొని, ఆ సరుకు కొనివ్వవచ్చు.