సీతమ్మ క్షమించింది సరే, బతికి రానివాళ్ల సంగతేంటి?

 

పోయిన శనివారం వీడియోలో రావణ సంహారం తర్వాతి ఘట్టం చెప్పుకున్నాం కదా. హనుమ అశోకవనానికి వచ్చి, "అమ్మా, ఇన్నాళ్లూ నిన్ను బెదిరించిన ఈ రాక్షస స్త్రీలను చంపేయమంటావా" అని అడుగుతాడు. సీతమ్మ వద్దంటుంది. వాళ్లు రాజు చెప్పినట్టు చేసిన దాసీలు, నా కర్మ నేను అనుభవించాను, అసలు తప్పు చేయనివాళ్లెవరు అంటుంది. నేను దాన్ని పట్టుకుని క్షమాగుణం మీద పది నిమిషాలు మాట్లాడేశాను. మరీ తేలిగ్గా మాట్లాడేశానని ఇప్పుడనిపిస్తోంది.

ఇక్కడ మా శృంగవరపుకోటలో పారాయణానికి ఒక పెద్దావిడ వస్తారు. ప్రసాదం తీసుకుంటూ అడిగారు: "బాబూ, సీతమ్మ బతికొచ్చింది గాబట్టి సెమించీసింది. బతికి రాకపోతే ఎవులు సెమిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక స్నేహలతారెడ్డిగారు గుర్తుకొచ్చారు.

ఈతరం వాళ్లకి ఆమె పేరు తెలియకపోవచ్చు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన కవి పఠాభి భార్య. నాటకాలంటే ప్రాణం. 1970లో పఠాభి తీసిన కన్నడ సినిమా 'సంస్కార'లో చంద్రి వేషం ఆమెదే. ఊళ్లో శవం పడి ఉంటే దహనం ఎవరు చేయాలని పెద్దలంతా ధర్మశాస్త్రాలు తిరగేస్తుంటారు. ఆ చనిపోయినాయనతో కాపురం చేసిన మనిషి చంద్రి. శాస్త్రం తెలియని ఆవిడే కానివ్వాల్సిన పని కానిచ్చేస్తుంది. (దొరికితే చూడండి. భక్తి సినిమా కాదు గానీ, ధర్మం గురించిన సినిమా.)

1975 జూన్ 25న దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. పత్రికలకు సెన్సారు, మీసా చట్టం కింద విచారణ లేకుండా జైలు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు, అక్రమంగా నిర్బంధించారని కోర్టుకెళ్లే హక్కు ఈ కాలంలో ఎవరికీ లేదని తీర్పిచ్చారు. సరిగ్గా నాలుగు రోజులకు, మే 2న, స్నేహలతగారిని అరెస్టు చేశారు. జార్జి ఫెర్నాండెజ్‌తో స్నేహం ఆమె నేరం. బరోడా డైనమైట్ కేసన్నారు. చివరికి ఆ కేసు ఛార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా వదల్లేదు, మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైల్లోనే ఉంచేశారు.

ఆమెకు ఉబ్బసం, పాతదే. ఉబ్బసం ఉన్న మనిషిని చిన్న గదిలో, సరైన వైద్యం లేకుండా ఎనిమిది నెలలు ఉంచడమంటే ఏమిటో, ఇంట్లో ఆ జబ్బు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అదే జైల్లో ఉన్న మధు దండవతే, రాత్రిపూట నిశ్శబ్దంలో ఆమె కేకలు వినిపించేవని తర్వాత రాశారు.

ఆ స్థితిలో కూడా ఆమె చేసిన పని చూడండి. తోటి ఆడఖైదీలను కొడుతుంటే ఎదురు తిరిగారు. తిండి బాగు చేయమని పోట్లాడారు. వాళ్లెవరూ రాజకీయ ఖైదీలు కారు, మామూలు పేదాళ్లు. ఇదంతా ఆమె డైరీ రాసుకున్నారు గనుక మనకి తెలిసింది.

1977 జనవరి 15న, ఇళ్లల్లో సంక్రాంతి సందడి ఇంకా తీరని రోజుల్లో, ఆమెను పెరోల్ మీద పంపారు. 18న ఎన్నికలు పెడతామని ఇందిరాగాంధీ ప్రకటించారు. 20న స్నేహలతగారు కన్నుమూశారు. జైలు నుంచి బతికి బయటికొచ్చారనాలా, రాలేదనాలా? అయిదు రోజులు.

ఇప్పుడు పెద్దావిడ ప్రశ్న. ఆ కాపలావాళ్లని, సంతకాలు పెట్టిన అధికారులని "పోనీలెండి, పై నుంచి వచ్చిన ఆజ్ఞ" అని క్షమించడానికి నేనెవర్ని? సీతమ్మ క్షమ సీతమ్మది. అనుభవించిన మనిషికి మాత్రమే ఉన్న హక్కది. మనం అరువు తెచ్చుకుని వేరేవాళ్ల తరఫున పంచిపెట్టేది కాదు. నేను వీడియోలో చేసింది అదే.

ఇంకొకటి, అక్కడే త్రిజట కూడా ఉంది. ఆవిడా రావణుడి కొలువులోదే. అయినా మిగతా వాళ్లు సీతమ్మను తినేస్తామని బెదిరిస్తుంటే అడ్డుపడి తన కల చెప్పింది. త్రిజట ఉంది గనుక "ఆజ్ఞ, ఏం చేస్తాం" అనే మాట పూర్తిగా నిలబడదు. ఆ సుప్రీంకోర్టు తీర్పులో కూడా అయిదో జడ్జి ఉన్నారు, హెచ్.ఆర్. ఖన్నాగారు. కాదన్నారు. 1977 జనవరిలో, స్నేహలతగారు పోయిన ఆ నెలలోనే, ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటించి ఆయనకన్నా జూనియర్‌కి ఇచ్చారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

అందరూ త్రిజట కాలేరు, నిజమే. నేనైతే అవుతానా అంటే ధైర్యంగా చెప్పలేను. ఉద్యోగం, పిల్లలు, అద్దె. అందుకే కాపలావాళ్లని తిట్టడానికీ నోరు రాదు.

మరుసటి వారం పారాయణంలో ఇదంతా ఆ పెద్దావిడకి చెప్పాను. అంతా విని, "ఆయమ్మకి పిల్లలున్నారా?" అని అడిగారు. కూతురు, కొడుకు అన్నాను. "మరాలనడగాల గదా బాబూ, నన్నడుగుతావేటి" అని, సంచి తీసుకుని లేచారు.